మూడు నిమిషాల కంప్యూటర్

ఆగస్టు 8, శుక్రవారం

ఉదయం 6:20. ఈ డైరీ మా అమ్మాయి భార్గవికి వ్యాసరచన పోటీలో బహుమతిగా వచ్చింది. అది ఒక్క పేజీ కూడా రాయలేదు. ఇవాళ్టి నుంచి నాది. కారణం, మా ఇంటి కంప్యూటర్.

జబ్బు లక్షణాలు: స్విచ్ వేస్తే లేస్తుంది. కంపెనీ బొమ్మ వస్తుంది. తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. తర్వాత నీలం తెర, దాని మీద ఏడుపు మొహం, ఇంగ్లీషులో క్షమాపణ. ఆపైన దానంతటదే ఆరిపోయి దానంతటదే మళ్లీ లేస్తుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ ఏడుపు. పొద్దున్నుంచి పదకొండుసార్లు లెక్కపెట్టాను.

6:45. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే జ్యోత్స్న షాపులో ఇచ్చి రమ్మని ప్రమీల డ్యూటీకి వెళ్తూ చెప్పింది. నా భార్య నర్సు. ఏ జబ్బు చూసినా పెద్ద దవాఖానాకు పంపించెయ్యడం ఆమెకు అలవాటు.

నేనెవరిని? హరిలాల్‌ని! మణుగూరు ఓపెన్‌కాస్టు గనిలో ఇరవై రెండేళ్లుగా ఎలక్ట్రీషియన్ని. మూడంతస్తుల ఎత్తు మిషన్ మొరాయిస్తే నన్ను పిలుస్తారు. అలాంటి నేను, బల్ల కింద పట్టే డబ్బాను బండి మీద పెట్టుకుని షాపుకి మోసుకెళ్లాలా?

తీర్మానం: దీన్ని నేనే బాగుచేస్తాను. షాపు మెట్టు ఎక్కను. గడువు తొమ్మిది రోజులు.

తొమ్మిదే ఎందుకంటే, పినపాక దగ్గర మా తండాలో ఇవాళే తీజ్ మొదలు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. చివరి రోజు మొలకలను వాగులో కలిపేటప్పుడు సాగనంపే పాట ఒకటి ఉంది, చాలా పెద్దది. అది మొదటి నుంచి చివరిదాకా తెలిసింది మా అమ్మ సక్రికి ఒక్కతికే. రెండేళ్ల కింద గొంతు ఆపరేషన్ అయ్యాక అమ్మకు గుసగుసే మిగిలింది. ఆపరేషన్‌కి ముందు రోజు ఆ పాటను నేనే ఫోన్‌లో రికార్డు చేశాను. ఫోన్ అయితే ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలో పడుతుందని పాటను కంప్యూటర్‌లోకి మార్చి, ఫోన్‌లోది చెరిపేశాను. జాగ్రత్త మనిషిని కదా.

అంటే ఇప్పుడా పాట లోకంలో ఒక్క చోటే ఉంది. ఈ డబ్బాలో.

పాడేవాళ్లు లేక రెండేళ్లుగా తండాలో తీజ్ జరగలేదు. ఈసారి పద్నాలుగు మంది పిల్లలు బుట్టలు పట్టారు. వాళ్లలో భార్గవి ఒకతె, తండాలో మా అన్న రూప్‌సింగ్ ఇంట్లోనే ఉంది. గొంతు లేని మనిషికి అక్కడ శ్రమ ఎందుకని అమ్మను ఇక్కడ మణుగూరు క్వార్టర్‌లోనే ఉంచాం.

పాట ఆదివారానికల్లా పంపిస్తానని భార్గవికి మాటిచ్చాను. తొమ్మిది రోజులు మరీ ఎక్కువ. రెండు చాలు.

ఆగస్టు 9, శనివారం

మధ్యాహ్నం 3:30. మొదటి షిఫ్టు నుంచి రాగానే డబ్బా మూత విప్పాను. లోపల బొగ్గు! గనిలో తవ్వింది రైల్లో పోతోందనుకున్నాం, కొంత మా ఇంటికే వస్తోంది. రంగుల బ్రష్షుతో అరగంట ఊడ్చాను. దోసెడు నుసి.

4:15. స్విచ్ వేశాను. చుక్కలు. ఏడుపు మొహం. అయితే మునుపటికంటే శుభ్రంగా ఏడ్చింది.

4:40. నాతో పనిచేసే తిరుపతికి ఫోన్ చేశాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలన్నాడు. ఎలా వెళ్లాలంటే, లేచేటప్పుడు ఎఫ్ ఎనిమిది నొక్కుతూ ఉండమన్నాడు. నలభైసార్లు నొక్కాను. ఎనిమిది అంకె చెరిగిపోయింది. సేఫ్ మోడ్ రాలేదు. తిరుపతికి మళ్లీ చేస్తే, అది తన పాత కంప్యూటర్ సంగతి అన్నాడు.

మంచం మీద నుంచి అమ్మ చెయ్యెత్తి ఏదో చెప్పబోయింది. అయిపోవచ్చింది అమ్మా, కాసేపాగు అన్నాను.

మనసు మాత్రం ఉల్లాసంగా ఉంది. శత్రువు లోపలి రూపం చూశాను. రేపు ఖతం.

ఆగస్టు 10, ఆదివారం

ఉదయం 10:00. సెలవు. యూట్యూబులో ఒకతను చెప్పాడు: ఇలా పదే పదే పడిపోతుంటే ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టండి. ర్యామ్ అంటే వేలెడు పొడవున్న పచ్చ బద్ద. తీశాను.

మా గనిలో ఒక పద్ధతి ఉంది. మిషన్ మీద చెయ్యి వేసే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. ఫ్యూజు ఎవడి జేబులో ఉంటే, వాడు చెప్పేదాకా ఆ మిషన్‌కి కరెంటు రాదు. ఇరవై రెండేళ్లలో ఒక్కరికీ చిన్న షాక్ కూడా తగలనివ్వలేదంటే ఈ పద్ధతి వల్లే. నా చెయ్యి దానంతటదే ర్యామ్‌ని చొక్కా జేబులో వేసేసింది.

10:20. గని నుంచి ఫోన్. వానకు పంపు మునిగిందట, వెంటనే రమ్మన్నారు. యూనిఫాం వేసుకుని పరుగు.

సాయంత్రం 4:30. వచ్చాను. నా చొక్కా తీగ మీద ఆరుతోంది.

4:31. జేబులో ర్యామ్ ఉంది. సబ్బు వాసన వస్తోంది.

ప్రమీల తప్పేమీ లేదు. నానబెట్టింది, బండ మీద రెండు బాదింది, జాడించింది. జేబులో గట్టిగా ఏదో తగిలితే గని ఐడీ కార్డు అనుకుందట. కార్డును బాదొచ్చా అని అడిగితే, ఎన్నోసార్లు బాదాను, ఏం కాలేదు అంది.

తడి తగిలిన వాటిని బియ్యంలో పెట్టాలి. పెట్టాను. అన్నం వండేటప్పుడు బియ్యం డబ్బాలో పైకి కనపడేది బద్ద, బియ్యం కాదని ప్రమీలకు రెండుసార్లు చెప్పాను.

భార్గవి ఫోన్. మొలకలు గోరంత వచ్చాయట. పాట ఎప్పుడని అడిగింది. ఆరబెట్టాను అన్నాను.

ఆగస్టు 11, సోమవారం

బద్ద బియ్యంలో. రెస్టు. కంప్యూటర్‌కీ నాకూ. అమ్మ మళ్లీ చెయ్యెత్తింది, ముందు దీన్ని ఆరనివ్వమ్మా అన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

సాయంత్రం 4:00. ర్యామ్ తీసి, భార్గవి జామెట్రీ బాక్సులో దొరికిన రబ్బరుతో దాని ఇత్తడి పళ్లు తోమి, బిగించాను.

4:10. చుక్కలు.

4:11. ఇంకా చుక్కలు.

4:12. లేచింది! తెర మీద కిన్నెరసాని డ్యాం ఫొటో, పక్కన ‘అమ్మ పాట’ అనే ఫోల్డరు, చిన్న పసుపు రంగు డబ్బా. అమ్మా చూడు అని అరిచాను. అమ్మ మంచం దిగి వచ్చేలోపే నీలం తెర.

మొత్తం నలభై సెకన్లు బతికింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత ఆనందం ఎన్నడూ లేదు. తిరుపతికి ఫోన్. భార్గవికి ఫోన్. అవసరం లేకపోయినా మా ఇంజనీరు గారికి కూడా ఫోన్.

ఆగస్టు 13, బుధవారం

మధ్యాహ్నం 3:40. నా అంచనా: ఒంట్లో వేడి. టేబుల్ ఫ్యాను తెచ్చి డబ్బా పొట్టకు ఎదురుగా పెట్టాను.

3:50. లేచింది. ఒక నిమిషం. పడలేదు! ఒకటిన్నర నిమిషం. పడలేదు! పెన్‌డ్రైవ్ పెట్టాలి. పెడతాను. అయితే ముందు సాక్ష్యం ఉండాలి కదా. ఫోన్ తీసి, వెనక తెర కనపడేలా, స్క్రూడ్రైవర్ పైకెత్తి సెల్ఫీ దిగాను. మొదటిది మసకగా వచ్చింది. రెండోది దిగాను. దాన్ని మా షిఫ్టు గ్రూపులో పెట్టి, ‘ఆపరేషన్ సక్సెస్’ అని రాశాను. తిరుపతి వెంటనే దండం బొమ్మ పంపాడు. తిరిగి నేనూ పంపాను.

3:53. నీలం తెర.

ప్రమీల వాకిట్లో నిలబడి మొదటి నుంచీ చూస్తోందట.

"మూడు నిమిషాలు దొరికితే పాట తీయకుంట ఫొటో దిగినవా?"

ఫ్యాను ఇంకాస్త దగ్గరికి జరిపాను.

5:20. మళ్లీ స్విచ్ వేశాను. ఇప్పుడు చుక్కలు కూడా లేవు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు: డిస్కు, అంటే పాట దాచిన చోటు, కనపడటం లేదు. లోపలి నుంచి టిక్కు టిక్కు మని చప్పుడు.

భార్గవి ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు. చార్జింగ్ అయిపోయిందని రేపు చెప్పాలి.

ఆగస్టు 14, గురువారం

ఉదయం. తీర్మానం గురించి నిదానంగా ఆలోచించాను. ‘షాపు మెట్టు ఎక్కను’ అనే రాశాను. జ్యోత్స్న షాపుకు మెట్టు లేదు. రోడ్డుకు సమానంగా ఉంటుంది. నిన్న బండి మీద పోతూ చూశాను.

సాయంత్రం 4:15. చేపలు తెస్తానని చెప్పి, డబ్బాను రెయిన్‌కోటులో చుట్టి బయలుదేరాను. చేపలకు అంత పెద్ద కోటు ఎందుకని ప్రమీల అడగలేదు.

జ్యోత్స్న ఆ చప్పుడు విని డిస్కు అరిగిపోయింది అంకుల్ అంది. హైదరాబాద్ పంపాలి, రెండు మూడు వారాలు పడుతుంది, లోపలున్నవి వస్తాయో రావో చెప్పలేను అంది. దీన్ని ఎవరు విప్పారని అడిగింది. తెలిసినతను ఒకాయన, అనుభవం ఉన్న మనిషే అన్నాను. ఆమె ర్యామ్ ఉండే గాడిలోంచి ఒక బియ్యపు గింజ తీసి నా అరచేతిలో పెట్టింది.

మొదటి రోజే తెచ్చి ఉంటే? అడగకూడదనుకున్నాను కానీ అడిగేశాను. అప్పటికి డిస్కు కొంచెం బాగానే ఉండి ఉంటుంది, ఇన్నిసార్లు లేపితే పాపం అదేం చేస్తుంది అంది. చాలా మర్యాదగా చెప్పింది.

డిస్కు అక్కడే వదిలేసి, డబ్బా తెచ్చుకున్నాను. చేపలు మర్చిపోయాను.

ఆగస్టు 15, శుక్రవారం

ఉదయం 9:00. గని ఆఫీసు దగ్గర జెండా. బూందీ లడ్డు. తిరుపతి నా సెల్ఫీ చూపించి అందరికీ నా గురించి గొప్పగా చెబుతున్నాడు. తల తిప్పుకుని లడ్డు తిన్నాను.

11:00. భార్గవికి చెప్పేశాను. పాట పోయిందని, నా వల్లే పోయిందని. అది కోప్పడితే బాగుండేది. "పర్వాలేదు డాడీ, ఏదో ఒకటి పాడుతం" అంది. మొలకలు జానెడు వచ్చాయట. పద్నాలుగు మంది పిల్లలు రేపు వాగు దగ్గర ఏదో ఒకటి పాడాలి.

11:10. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. అమ్మ పిలిచింది. గుసగుస కాబట్టి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

"గొంతు పోయింది గని పాట యాడికి పోయిందిరా? వారం రోజులసంది నీ పక్కనే కూసున్న. నన్నొక్కసారన్న అడిగినవా?"

ఎలక్ట్రీషియన్ని. ఎక్కడ కరెంటు ఉందో, ఎక్కడ లేదో చూసి చెప్పడమే నా ఉద్యోగం. రోజూ చెయ్యెత్తి చెప్పబోయింది ఇదే. రోజూ ఆగమన్నాను.

11:30. అమ్మ అప్పటికే చీర మార్చుకుంది. బండి మీద నా వెనక కూర్చుని, స్పీడు పెంచమని వీపు మీద కొట్టింది.

ఆగస్టు 16, శనివారం

తండా. నిన్న మధ్యాహ్నం నుంచి పిల్లల నడుమ అమ్మ కూర్చుని ఉంది. ఒక్కో చరణం భార్గవి చెవిలో చెబుతుంది. భార్గవి గట్టిగా పాడుతుంది. మిగతా పిల్లలు అందుకుంటారు. రాగం తప్పితే అమ్మ తొడ మీద దరువేసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటికి తీసుకొస్తుంది. నేను రికార్డు చేసింది సగమేనని అప్పుడు తెలిసింది. ఆ రోజు దవాఖానాకు టైమవుతోందని నేనే తొందరపెట్టానట. సగం పాట కోసం ఎనిమిది రోజులు కొట్టుకున్నాను.

సాయంత్రం 5:00. వాగు. వాన వెలిసింది. బుట్టలు తలల మీద పెట్టుకుని పిల్లలు పాట ఎత్తుకున్నారు. భార్గవి పక్కనే అమ్మ. ఆమె పెదవులు కదులుతున్నాయి, పాట మాత్రం పద్నాలుగు గొంతుల్లోంచి వస్తోంది. మొలకలు నీళ్లలో వదిలేటప్పుడు పిల్లలు ఏడవడం ఆనవాయితీ. తండ్రులు ఏడవడం ఆనవాయితీ కాదు. నేను ఏడ్చాను. మా అన్న రూప్‌సింగ్ కండువా ఇచ్చాడు.

ఫోన్ తీసి రికార్డు చెయ్యాలన్న సంగతి నాకు పాట అయిపోయాక గుర్తొచ్చింది. డ్యూటీ దిగి బస్సులో వచ్చిన ప్రమీల చేసిందట. మొత్తం. భార్గవి దాన్ని అక్కడికక్కడే పద్నాలుగు మంది ఫోన్లకూ పంపేసింది.

ఆగస్టు 17, ఆదివారం

ఉదయం 6:30. అమ్మకు ఇంకెన్ని పాటలు వచ్చో నిన్న తండా నుంచి బయలుదేరే ముందు అడిగాను. వేళ్లు లెక్కపెట్టింది. రెండు చేతులూ అయిపోయాయి. నా చెయ్యి అడిగింది.

కాబట్టి కంప్యూటర్ కావాలి. కొత్త తీర్మానం: కొత్త డిస్కు తెచ్చి నేనే బిగిస్తాను. ఇవాళే. జ్యోత్స్నను డిస్కు మాత్రమే అడుగుతాను, సలహా అడగను. జేబుల్లేని చొక్కా వేసుకుంటాను. ఫోన్ వేరే గదిలో పెడతాను.

11:15. బిగించాను. విండోస్ ఎక్కుతోంది. తొమ్మిది శాతం.

11:40. తొమ్మిది శాతం.

11:55. పదకొండు! పరిస్థితి అదుపులో ఉంది.

12:05. అమ్మ మంచం మీద నుంచి ఏదో అంటోంది. ఫ్యాను రొదకు వినపడలేదు. కాసేపాగు అనబోయాను.

కంప్యూటర్ స్విచ్, ఫ్యాను స్విచ్ తీసేసి వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. రాసుకో అంది. ఈ డైరీలో ఇంకా చాలా పేజీలున్నాయి.