హాల్లో కెమెరా కార్డు

ఏమండీ,

హాల్లో కెమెరాలోని మెమరీ కార్డు తీసి టీవీ పక్కన పెట్టాను. పాత వీడియోలు చెరగడం లేదని పొద్దున నా మీద అరిచి వెళ్ళారు కదా, చూశాను. కార్డు పెట్టే అడాప్టర్ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, దాన్ని పైకి జరిపితే చెరగాలి. నేను జరిపాను, లాభం లేదు. అంటే కార్డే పోయింది. ఇక ఉన్నవి కనిపిస్తాయి, కొత్తవి ఎక్కవు, పాతవి చెరగవు. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఫోటో స్టూడియోలో చేశాను, నాకు తెలుసు. ఫార్మాట్ అంటూ దాంతో కుస్తీ పట్టకండి. కొత్తది కొనుక్కోండి.

ఇంకో మాట. అందులో చివరి వీడియో పోయిన నెల ఐదో తారీఖుది. ఆ తర్వాత ఒక్క ముక్క ఎక్కలేదు. నలభై రోజులుగా తమరు ఆఫీసు నుంచి రాగానే అది పెట్టుకుని, "ఇవాళ కూడా మధ్యాహ్నమంతా సోఫాలో దొర్లావా?" అని తిట్టిపోసింది ఆ ఒక్క మధ్యాహ్నాన్నే. ఆ రోజు నాకు జ్వరం. పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కిన రోజుల్లో కూడా మీకు సారీ చెప్పాను. రోజూ అదే చీర, అదే దుప్పటి. అది కూడా కనిపెట్టలేని మనిషి నాకు కాపలా!

అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఫోన్ చేయకండి.

తా.క. కొత్త కార్డు కొన్నా ఖాళీ సోఫానే ఎక్కుతుంది. పాతది దాచుకోండి. అందులో నేనింకా జ్వరంతో పడుకునే ఉన్నాను, ఇంటికి రాగానే తిట్టుకోవచ్చు.