సూర్యలంకకు గారెల క్యారేజీ

ఏమండీ,

ఈరోజు పిల్లల్ని సూర్యలంక తీసుకెళ్లాను. "ఆదివారమే గదే బేరాలు, వచ్చే వారం చూద్దాంలే" అంటూ మీరు ఏళ్ల తరబడి వాయిదా వేసిన సముద్రం ఎంతో దూరం లేదు. తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగాం, అక్కడినుంచి ఆటో.

మీ తద్దినమని స్టీలు సామాన్ల కొట్టు మూశాం. మీరుండగా చిన్నదాని పుట్టినరోజుకు కూడా ఆ షట్టర్ దిగలేదు. భోజనాలయ్యాక పిల్లలకు చెప్పులు తొడుగుతుంటే, "తద్దినం పూట షికార్లేంటమ్మా?" అన్నారు మీ అమ్మగారు.

"కొట్టు మళ్లీ ఎప్పుడు మూస్తామండీ అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ మిగిలిన గారెలు క్యారేజీలో సర్ది చేతికిచ్చారు.

పెద్దాడు అలల్లోంచి ఎంత పిలిచినా రాలేదు. మీ పేరున వండిన గారెలు ఇసుకలో కూర్చుని తిన్నాం. చీకటి పడుతుంటే చిన్నది నా కొంగు పట్టుకుని అడిగింది.

"అమ్మా, వచ్చే తద్దినానికి కూడా ఇక్కడికే వద్దామా?"

కోప్పడబోయి ఆగిపోయాను. వద్దామని మాటిచ్చాను. ఆ రోజునైతే మీరు కూడా వాయిదా వేయలేరు.