రెండో సంతకం

1962 సెప్టెంబర్ 17, సోమవారం. జార్జియా.

కెమిస్ట్రీ ల్యాబ్ మొదలైంది. బల్లకి ఇద్దరు. నేను కూర్చోగానే నా బల్ల ఖాళీ అయింది. పోతే పోయారు, బర్నర్ మొత్తం నాదే!

ఈ తెల్లవాళ్ళ కాలేజీలో నల్లపిల్లని నేనొక్కదాన్నే. రెండు వారాల్లో నాతో మాట్లాడింది మెస్సులో వడ్డించే మిస్ లోరెటా ఒక్కతే. అదీ, ఇంకాస్త గ్రిట్స్ జావ వెయ్యనా అని.

సెప్టెంబర్ 21

సున్నా. నోట్‌బుక్‌లో ప్రయోగం లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేజీ కింద నా సంతకం పక్కన రెండో సంతకం, ఇంకొకరిది, లేదట. ప్రొఫెసర్ విట్లో నావైపు చూడకుండానే, రూలు అందరికీ ఒకటే, నీకోసం మార్చమంటావా అన్నాడు.

సెప్టెంబర్ 24

సంతకం పెట్టమని తొమ్మిదిమందిని అడిగాను. తొమ్మిదో అమ్మాయి పెన్ను తీసింది కూడా. వెనకనించి ఎవడో దగ్గాడు. మూత పెట్టేసింది.

సెప్టెంబర్ 28

మళ్ళీ సున్నా. కెమిస్ట్రీ పోతే డాక్టర్ చదువు సంగతి మరిచిపోవాల్సిందే. అమ్మకి ఫోన్ చేసి, వచ్చెయ్యనా అన్నాను. రా, వాళ్ళక్కావల్సిందీ అదేగా, వస్తూ వస్తూ ఆ బల్ల కూడా తుడిచి ఇచ్చి రా అంది.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఇక్కడ ఊపిరాడదు. ఇంటికెళ్తే చర్చిలో తలెత్తలేను, ప్రతి ఆదివారం నా పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నారు. ఎటూ దారి లేదు.

అక్టోబర్ 1

ల్యాబ్ ఊడ్చే మిస్టర్ ఎజ్రా మావాడే, నల్లాయన. ముప్ఫై ఏళ్ళుగా ఆ గది తాళాలు ఆయన దగ్గరే. అందరూ వెళ్ళాక, ఏం బిడ్డా ఆ మొహం, నిన్న పాస్టర్ గారు ప్రసంగం మరీ సాగదీశారా అన్నాడు. చెప్పాను. గోడమీదున్న రూలు చదవమన్నాడు. ప్రయోగం జరుగుతుండగా గదిలో ఉండి చూసిన మరొకరు సంతకం చెయ్యాలి. అంతే. విద్యార్థి అని ఎక్కడా లేదు!

నా చేతిలో చీపురుంది గానీ కళ్ళు మూసుకుని లేనుగా అన్నాడు. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. ఎజ్రా టాలివర్.

అక్టోబర్ 5

విట్లో మొహం కందగడ్డయింది. గోడ దగ్గరికెళ్ళి రూలు రెండుసార్లు చదువుకున్నాడు. తొంభై ఆరు వేశాడు! వెయ్యక చస్తాడా.

అక్టోబర్ 22

స్టూలు నిండా సిరా పోశారు. నిలబడే చేశాను.

నవంబర్ 30, శుక్రవారం

మిస్టర్ ఎజ్రాని పనిలోంచి తీసేశారు. మిస్ లోరెటా చెప్పింది. తాళాలు అప్పగించే ముందు, ఒక్కసారి ల్యాబ్ చూసొస్తానని వెళ్ళాడట.

నా వల్లే. నాకు పెట్టిన తొమ్మిది సంతకాలకి ముప్ఫై ఏళ్ళ పని పోయింది. సోమవారం చివరి ప్రయోగం. సంతకం లేకపోతే కోర్సు పోయినట్టే. ఇప్పుడు ఆ మాట తలుచుకోడానికే సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 2

ఆయనింటికెళ్ళాను. క్షమించమన్నాను. చాల్లే, ముందు తిను అన్నాడు. వాళ్ళావిడ వేడివేడి మొక్కజొన్న కార్న్‌బ్రెడ్ పెట్టింది. రేపు ల్యాబుకి వెళ్ళకపోయావో, అప్పుడు చెప్తా నీ సంగతి అన్నాడు. సంతకం ఎవరు పెడతారని అడిగితే, కార్న్‌బ్రెడ్ చల్లారిపోతోంది అన్నాడు.

డిసెంబర్ 3

ల్యాబ్ బీరువాలోంచి నా నోట్‌బుక్ తీశాను. చివరి పేజీ ఖాళీ. అడుగున ఎజ్రా టాలివర్, ఇవాళ్టి తేదీతో.

నేనింకా చెయ్యని ప్రయోగాన్ని చూశానని రాసి వెళ్ళాడు.

బర్నర్ వెలిగించాను.