రెండిళ్ల పొయ్యి

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను, అమ్మాయి, అత్తయ్యగారు కులాసాగా ఉన్నాము. మన బేకరీ పొయ్యి కూడా కులాసాగానే ఉంది. ఓడ వంటగదిలో మీ నడుంనొప్పి తగ్గిందని రాశారు, నా ప్రాణం కుదుటపడింది. అత్తయ్యగారికి కంటిమందు మార్చారు. చూపు ఎంత బాగుపడిందంటే, మాడిన బన్నులు ఏరి మరీ నాకే చూపిస్తున్నారు.

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. అమ్మాయి ఉత్తరం నిండా పర్యావరణం, పర్యావరణం అని రాసింది, దాంతో కడుపు నిండుతుందా అని ఒకటి. కట్టెలకు కటకటగా ఉందన్నావు, పొయ్యి ఎలా నడుస్తోంది అని రెండోది. రెండింటికీ జవాబు ఒకటే. కాస్త ఓపిగ్గా చదవండి.

మీరున్నప్పుడు కట్టెల బండివాడు ఊరి చివర గుట్ట మీదే కొట్టి తెచ్చేవాడు. ఇప్పుడా గుట్ట బోడిగుండు. ఎక్కడో దూరం నుంచి తెస్తున్నాడు, అవీ పచ్చివి. పొగ బారెడు, వేడి బెత్తెడు. ఒకరోజు అసలు రానేలేదు. కలిపిన పిండి పులిసిపోతే పారబోశాను. గోడకు అవతల బావగారి లాండ్రీలోనూ ఆ రోజు నీళ్లు కాగలేదు. ఒకే గోడకు అటొక మంట, ఇటొక మంట పెట్టి, ఉన్న ఒక్క గుట్టనూ రెండిళ్లవాళ్లం మింగేశామని అప్పుడు తోచింది.

మన మసి వాళ్ల దుప్పట్ల మీద పడుతోందని మీ అన్నదమ్ములు మాటలు మానుకున్నారు గానీ, మేము తోడికోడళ్లం కుళాయి దగ్గర కలుస్తూనే ఉన్నాము. మా పొయ్యి వెనక గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ వేడంతా ఊరికే పోతోంది అని అక్కతో అన్నాను. అక్క నిండిన బిందె పక్కకు దించింది.

"మా నీళ్ల కాగు ఆ గోడకి ఇవతలే ఉంది కదే" అంది.

ఇక దాచి లాభం లేదు. ఇంతసేపూ ఈ మాట దగ్గరికి వచ్చి వచ్చి పక్కకు తప్పుకుంటున్నాను. మిమ్మల్ని అడగకుండా ఆ గోడకు కిటికీ అంత కన్నం పెట్టించాను. అడిగితే వద్దంటారని అడగలేదు.

మేస్త్రీ మన పొయ్యి వెనక రాగి గొట్టం చుట్లు చుట్టి, కన్నంలోంచి వాళ్ల కాగుకు కలిపాడు. పొగగొట్టం అడుగున మసి రాలి పడేందుకు చిన్న అర కట్టాడు. ఇప్పుడు మన రొట్టెలు కాలుతుంటే వాళ్ల నీళ్లు కాగుతున్నాయి. వాళ్లు తమ పొయ్యి ఆర్పేశారు. కట్టెలు ఇద్దరం కలిసి కొంటున్నాము, ఎండినవి చూసుకుని కొనే తీరిక వచ్చింది. అరలోంచి మసి గంపెడు తీశాను. ఇన్నాళ్లూ అదంతా వీధివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయింది. అత్తయ్యగారి దగ్గు కూడా చాలావరకు తగ్గింది. అమ్మాయి చెప్పే పెద్ద మాటలో నాకు అర్థమైంది ఇంతే. ఇవాళ్టి రొట్టె కాలాలి, రేపటి కట్టె గుట్ట మీద మిగలాలి. కడుపు నిండుతుందా అన్నారు. రేపు కూడా నిండుతుంది.

బావగారు మాత్రం పని జరిగినన్నాళ్లూ ఇటు తొంగి చూడలేదు. గొట్టం పీకెయ్యమంటారేమోనని నాకు ఒకటే బెదురు. నీళ్లు కాగిన మొదటి రోజు సాయంత్రం, మచ్చ లేని తెల్ల దుప్పటి ఒకటి మడత పెట్టి పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చారు. ఎన్నేళ్లయిందో ఆయన ఈ గడప తొక్కి. నేరుగా వెళ్లి అత్తయ్యగారి మంచం మీద దుప్పటి పరిచారు. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వెళ్తూ వెళ్తూ నాతో అన్నారు.

"గోడలోంచి తీసి మా వైపు పడేసిన ఇటుకలు పారెయ్యలేదమ్మా, దాచాను. వాడొచ్చి కోప్పడితే నేనే మళ్లీ కట్టేస్తాను."

ఆ రాత్రంతా ఆ మాటే మనసులో మెదిలింది. మర్నాడు మేస్త్రీని పిలిపించి, ఆ ఇటుకలతోనే పగిలిపోయిన మన పొయ్యి నేల బాగుచేయించాను. బావగారే దగ్గరుండి ఒక్కొక్కటీ అందించారు. కాబట్టి గోడ మూయించడానికి ఇక ఇటుకలు లేవు. కోపముంటే వచ్చి తిట్టండి. మీ అన్నగారితో సహా అందరం వరసగా నిలబడి వింటాము.

ఇట్లు,
అక్షరాలా ఇల్లు గుల్ల చేసిన
మీ ఇల్లాలు