పచ్చచుక్క

నవంబర్ 4, మంగళవారం

ఇవాళ కూడా మా ఊరి శ్రావ్యకు మేడమ్ ఫోన్ చేసింది. అంతసేపు ఏం మాట్లాడుకున్నారో!

మా ఆన్‌లైన్ ఎక్సెల్ కోర్సులో ఎవరు ఎంతసేపు వీడియోలు చూశారు, ఎవరు క్విజ్‌లు రాశారు, అన్నీ ప్రియదర్శిని మేడమ్‌కు కనబడతాయి. బాగా చదివేవాళ్ల పేరు పక్కన పచ్చచుక్క, వెనకబడ్డవాళ్లకు ఎర్రచుక్క, వాళ్లకు మేడమే ఫోన్ చేస్తుంది. కూలీలు దొరక్క తనే పత్తి ఏరడానికి పోయిన శ్రావ్య యాప్ ముఖమే చూడలేదు, ఎర్రబడింది. అందుకు దానికి మర్యాదలు. నాది మొదటిరోజు నుంచీ పచ్చే. నాకు ఒక్క ఫోన్ లేదు.

కడుపు మండుతోంది.

నవంబర్ 7

శ్రావ్య మా ఎరువుల దుకాణానికి వచ్చి ఒకటే ముచ్చట. పత్తి పని అయ్యేదాకా మేడమ్ టైం ఇచ్చిందట. పేరు కొడితే లెక్క వెతికిపెట్టే వీలుకప్ ఫార్ములా అర్థం కాలేదంటే వాళ్ల చేలో కూలీల పేర్లతోనే చెప్పిందట. గిప్పుడు మస్తు సమజైందే అక్షయా, నీకేందే, నువ్వు పచ్చల ఉన్నవ్, నీకన్నీ వచ్చు అన్నది.

నవ్వాను. నాకు వీలుకప్ ముక్క రాదు.

నవంబర్ 8

వీడియో మ్యూట్‌లో పెట్టి ఫోన్‌ను కాంటా పక్కన నిలబెడతాను. దాని మానాన అది నడుస్తుంది. ఒకరు యూరియా, ఒకరు పురుగుమందు అని మీద పడుతుంటే పాఠం ఎవరు వింటారు? క్విజ్ జవాబులు వాట్సాప్‌లో దొరుకుతాయి. యాప్‌కు ఇదంతా చదువే.

నాయినకైతే ఎక్కడలేని సంబరం. మా ఊరు నెల్లికుదురుకు ఏ పని మీద వచ్చినవాళ్లకైనా నా ఫోన్‌లో ఆ చుక్క చూపించాల్సిందే, మా బిడ్డ ఎట్ల చదువుతుందో చూడుండ్రి అని. డిసెంబర్ పరీక్ష పాసైతే హనుమకొండలో ఆఫీసు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఫెయిలైతే ఇక దుకాణంలనే కూసో అని ఆయనే ముందుగా తేల్చేశాడు.

నవంబర్ 12

శ్రావ్య మాక్ టెస్ట్ పాసైంది. నేను నెట్ లేదని ఎగ్గొట్టాను.

నవంబర్ 13

మేడమ్ గ్రూపులో దాని పేరు రాసి మెచ్చుకుంది. కింద అందరూ చప్పట్లు. నేనూ పెట్టాను, పళ్లు కొరుక్కుంటూ. నేను మాత్రం మనిషిని కానా? నాతో ఒక్కసారి మాట్లాడితే మేడమ్ సొమ్మేం పోతుంది?

నవంబర్ 15

ఇవాళ్టి నుంచి యాప్ తెరవను. నేనూ ఎర్రబడతాను. మేడమ్ ఫోన్ చేయగానే ఏమీ రాదని చెప్పేస్తాను. ఏడుపొస్తే ఏడుస్తాను కూడా.

నవంబర్ 24

ఎర్రచుక్క! ఎంత సంతోషమో.

నాయిన చూసి పరేషాన్ అయ్యాడు. ఫోన్ ఖరాబైందా బిడ్డా అని అడిగాడు.

నవంబర్ 25, మధ్యాహ్నం

ఫోన్ వచ్చింది. మేడమ్ కాదు. శ్రావ్య!

ఎర్రబడ్డవాళ్లతో వాళ్ల ఊరివాళ్లే మాట్లాడితే మనసు విప్పి చెప్తారని మేడమ్ ఈ పని దీనికి అప్పజెప్పిందట. ఏం తిప్పలైందే, నాకు చెప్పరాదు, ఇద్దరం కూసొని చూద్దాం అంటుంది. ఎంత మెత్తగా అడుగుతుందో! ఎవరి దగ్గర నేర్చిందో నాకు తెలియదా?

నాకేం తిప్పల, నెట్ లేదంతే అని పెట్టేశాను. దాని ముందు నాకు రాదని ఒప్పుకోవాలా? చచ్చినా చెప్పను.

నవంబర్ 26

మళ్లీ చేసింది. ఎత్తలేదు.

సాయంత్రం మళ్లీ చేసింది. వీడియో మ్యూట్‌లో పెట్టి ఫోన్‌ను కాంటా పక్కన నిలబెట్టాను.

నవంబర్ 30

పచ్చబడింది. నాయిన పొద్దున్నుంచీ అందరికీ చూపిస్తున్నాడు.

ఇవాళ శ్రావ్య ఫోన్ రాలేదు.