సింకు అంచు మీద అత్త పేరు

చిత్రా,

ఇండూరులో అమ్మకు జ్వరం తగ్గలేదని ఫోన్ వచ్చింది, మొదటి బస్సుకు పోతా ఉన్నాను. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది.

సింకును స్టీలు పీచుతో రుద్దొద్దు, గీతలు పడతాయి. బ్లీచింగు పొడి అసలే వద్దు. సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. గిన్నెలు తోమినాక సింకును కూడా పొడిగుడ్డతో తుడువు. మన బోరు నీళ్లు అట్లే ఆరితే తెల్లగా సున్నం కడుతుంది. కట్టిందంటే నిమ్మచెక్కతో రుద్ది కడిగెయ్.

కుడిపక్క అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన అత్త పేరు ఉంది. అక్కడ పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దు. గోడకు బిగించే సింకుకు పేరెందుకని పాత్రల అంగడివాడు నవ్వినా, పేరు లేకుండా ఏ సామానూ ఇంట్లోకి రాకూడదని అత్త పట్టుబట్టి కొట్టించింది. నువ్వు కోడలిగా వచ్చేసరికి ఆమె లేదు. చూపు పోయినప్పటి నుంచి మామ ఆ పేరును బొటనవేలితోనే చదువుకుంటాడు.

పోయినసారి నేను అమ్మ దగ్గర నుంచి వచ్చేసరికి ఆ చుక్కలన్నీ సున్నంతో పూడిపోయి ఉన్నాయి. మామ అంచంతా తడుముతా నిలబడి, "సింకు మార్చేసినారా అమ్మా?" అని నన్ను అడిగినాడు. నీతో అప్పుడే చెప్పాలనుకున్నాను, కోపంలో మాట జారుతుందని ఊరకున్నాను.

ఇంద్రాణి అక్క

మరిచినాను. పొద్దున కాఫీ తాగినాక మామ తన లోటా కడుక్కోను వస్తాడు. నేను కడుగుతానని చేతిలోంచి తీసుకోవద్దు. నువ్వు పక్కకు జరుగు.