కార్డు మీద పట్టినంత

గుట్టకింది తండా,
కల్లూరు దగ్గర,
9-2-1985, శనివారం.

మీ పాదాలకు మొక్కి మీ భార్య చాంది రాసుకునే విన్నపం. అక్కడ మీ ఒంట్లో కులాసాగా ఉండాలని మేరామా తల్లిని వేడుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే కార్డు కాకుండా, అంటించిన కవరు పంపుతున్నాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే మన్నించండి.

పెళ్ళయి రెండేళ్ళయినా మీతో నేను మాట్లాడింది తక్కువ. మీరూ అంతే. వరంగల్లు గ్రంథాలయంలో అటెండరు పని వచ్చి వెళ్ళేటప్పుడు వారానికో కార్డు రాస్తానన్నారు. కార్డంటే మీ నాన్న నుంచి పక్కింటి మంగ్లి దాకా అందరి ముందూ చదవాల్సిందే. ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక నేనే నిలబడి పైకి చదవాలి. అందులో నా గురించి ఒక్క మాట ఉన్నా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అది మీకు తెలుసు. అందుకే మీరు అక్కడ దుమ్ము దులిపే విజ్ఞాన సర్వస్వంలోంచి వారానికో విషయం, కార్డు మీద పట్టినంత, ఎక్కించి పంపేవారు. "ఒంటె: ఎడారిలో బరువులు మోయు జంతువు." "ఉప్పు: సముద్రపు నీరు ఎండగా మిగులునది." చివర, అందరినీ అడిగినట్టు చెప్పు, అని. నేను చదివి, అర్థం కాని చోట మన మాటలో చెప్పేదాన్ని.

పోస్టుమాన్ పగిడయ్య వచ్చే బేస్తవారం కోసం తండా అంతా కాచుకునేది. ఉప్పు చదివిన రోజు మామ చేతికర్ర నేలకేసి కొట్టి, "మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిన్రు. అది రాయలే? గదేం పుస్తకం?" అన్నారు. ఎలుగుబంటి పండ్లు, చీమలు, తేనె తింటుందని మీరు రాస్తే మంగ్లి పకపకా నవ్వింది. "మరి అది కొరికిన మా ఇంటాయన పిక్క పండా, తేనెనా? ఆ పుస్తకం జర దిద్దమనవే మీ ఆయనను" అంది.

దసరా తర్వాత మీ కార్డు రాలేదు. పోస్టులో ఎక్కడో పోయి ఉంటుంది. మామకు మాత్రం ఒక్క బేస్తవారం కూడా కార్డు తప్పలేదు. కోప్పడకండి, అప్పటి నుంచి అవి నేనే రాస్తున్నాను. నాకు పుస్తకం లేదు కనుక తెలిసినవే రాస్తున్నాను. "ఇప్పచెట్టు: దీని పువ్వు తెల్లవారుజామున రాలును. ఎండెక్కేలోపు ఏరవలెను." "అడ్డాకు: విస్తరి కుట్టుటకు మేలు. మరీ లేతది పనికిరాదు." మన ఇంటి చిరునామాకే రాసి పగిడయ్య చేతికిస్తాను. అతను కల్లూరులో ముద్ర వేయించి, వచ్చే వారం మళ్ళీ నాకే తెచ్చిస్తాడు. "ఇగో పిల్లా, మీ ఇంటాయన ఉత్తరం!" అని నలుగురికీ వినిపించేలా గట్టిగా అంటాడు. నా ముఖం మాత్రం చూడడు.

మామకు అనుమానం రాలేదు. ఆశ పుట్టింది. ఇప్పచెట్టు, అడ్డాకు, తునికిపండు వరసగా విని, "మావోడు ఈ నడుమ మన అడవి గురించే రాస్తుండు. ఇంటి మీద మనసు కొట్టుకుంటుంది వానికి. వచ్చేస్తడు చూడు" అన్నారు. ఆ మర్నాడే మీ మంచానికి కొత్త నులక అల్లడం మొదలుపెట్టారు.

నెల రోజులుగా ఆయన దగ్గు ముదిరింది. తువాలుకు నెత్తురు అంటుతోంది. నేను చూడకుండా వాగులో ఉతుక్కుంటున్నారు. కల్లూరులో చూసిన డాక్టరు, ఛాతీకి ఫొటో తీయించాలి, పెద్ద దవాఖానాకు తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దు అన్నాడు. మామ కదలడం లేదు. "నా కొడుకొచ్చి తీస్కపోతడు. కోడలి పిల్లను ఎంటేసుకొని బస్సులల్ల తిరుగుతనా? నలుగురు నవ్వరా?" అంటారు. మంగ్లి గదిమింది, "ముసలోడా, నీ కొడుకొచ్చేదాకా దగ్గు ఆగుతదా?" అని. "అడవి యాదికొచ్చినోడు అయ్యను మరుస్తడా?" అన్నారు మామ. నేను పొయ్యి దగ్గర తల దించుకుని కూర్చున్నాను. ఆయన నోట ఆ మాట పెట్టింది నా రాతలే.

కనుక మీరు ఒక్కసారి రండి. ఒక్క రోజు చాలు. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి. ఇంకేమీ అడగను.

ఇట్లు,
మీ
చాంది.

తా.క.: పైన ఒక అబద్ధం రాశాను. మీ కార్డు పోస్టులో పోలేదు. దీపావళికి ముందటి బేస్తవారం నా చేతికే వచ్చింది. ఇక్కడ ఒకామెతో కాపురం పెట్టాను, ఇక ఇంటికి రాను, నాన్నకు చెప్పు, నువ్వు మీ తల్లిగారింటికి పో, అని రాశారు. మూడు వరసలే. మిగతా కార్డంతా తెల్లగా ఉంది. నేను అందరి ముందూ చదువుతానని తెలిసే కార్డు మీద రాశారో, కవరు దొరకక రాశారో నేను అడగను. పగిడయ్య దాన్ని దారిలోనే చదివాడని మాత్రం తెలుసు. ఎదురుగా మామ, మంగ్లి, పిల్లలు. ఈ వారం ఏందని చూస్తున్నారు. ఖాళీ కనబడకుండా కార్డును దగ్గరగా పట్టుకున్నాను. తర్వాత, ఇప్పచెట్టు, అన్నాను.

ఆమె సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరు వస్తే ఇక ముందూ చెప్పను. వచ్చే శనివారం దాకా చూస్తాను. రాకపోతే ఆదివారం పొద్దున మామ ముందు కూర్చుని మీ కార్డు ఉన్నది ఉన్నట్టు చదువుతాను. తట్టుకుంటారో లేదో తెలియదు. కానీ మీరు రారని తెలిస్తేనే ఆయన నాతో బస్సెక్కుతారు. తల్లాడ దాటి నేనెప్పుడూ వెళ్ళలేదు. ఖమ్మంలో దవాఖానా ఎటువైపో బస్సు దిగి ఎవరినైనా అడుగుతాను.